అయ్యగారి బియ్యం ఎవరింటి నుంచి రావాలి?

నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, ఉత్తర చెన్నైలో మా తెలుగు బాప్టిస్ట్ సంఘం వెనక గదిలో మిషన్ కమిటీ కూర్చుంటుంది. లెక్కల పుస్తకం తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. కనిగిరి వైపు మూడు పల్లెల్లో సేవ చేస్తున్న పాస్టర్లకు (మేం అయ్యగారు అని పిలుస్తాం) నెలనెలా ఎంత పంపామో, ఎప్పుడు పంపామో, అటు నుంచి ఏం కబురొచ్చిందో అందులో రాస్తాను. పోయిన ఏడాది ఒక ఆదివారం, కమిటీలో కొత్తగా చేరిన కుర్రవాడు ఆ పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి అడిగాడు: "అక్కా, ఈ అయ్యగారికి మనం పంపడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఇంకెన్నేళ్లు పంపాలి?" పక్కనే కూర్చున్న పెద్దాయన వెంటనే, "ఆపేస్తే ఆయన పిల్లలేం తింటారు బాబూ?" అన్నారు.

ఆ మాట తర్వాత గదిలో ఎవరూ నోరెత్తలేదు. ఇద్దరు అడిగిందీ న్యాయమే. పంపకపోతే ఒక కుటుంబం పస్తుంటుంది. పంపుతూనే ఉంటే ఆ సంఘం తన కాళ్ల మీద తాను నిలబడే రోజు రాదు. పల్లెల్లో బాప్టిస్ట్ సేవ గురించి రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న వాదనంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే తిరుగుతోంది. బయటివాళ్లకు ఇది మతం గొడవగా, లేదా విదేశీ డబ్బు గొడవగా కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్లకు మాత్రం ఇది బియ్యం లెక్క. ఆ చిక్కుముడిని విప్పాలంటే ముందు బాప్టిస్ట్ అనే మాటకు అర్థం తెలియాలి.

చాలామంది బాప్టిస్టులంటే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చేవాళ్లు అనుకుంటారు. అది నిజమే, కానీ సగమే. పసిపిల్లలకు కాకుండా, తనంతట తాను నమ్మి ఒప్పుకున్న మనిషికే బాప్తిస్మం. అలా నమ్మినవాళ్లు కలిసి ఒకరికొకరు మాటిచ్చుకుంటే అదే సంఘం. ఆ సంఘం మీద బిషప్ ఉండడు, పైనుంచి ఆజ్ఞ వేసే కార్యాలయం ఉండదు. పాస్టరును సంఘమే పిలుచుకుంటుంది, సంఘమే పోషించుకుంటుంది, అవసరమైతే సంఘమే పంపించేస్తుంది. సంఘాలు కలిసి అసోసియేషన్లు, కన్వెన్షన్లు పెట్టుకుంటాయి గానీ అవి సలహా ఇచ్చేవే తప్ప పాలించేవి కావు.

పక్కనే ఉన్న దక్షిణ ఇండియా సంఘంతో, అంటే సీఎస్ఐతో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1947 సెప్టెంబరు 27న ఇక్కడే, మద్రాసులోని సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆ సంఘాన్ని స్థాపించారు. తెలుగు బాప్టిస్టులు అందులో చేరలేదు. సీఎస్ఐలో బిషప్ చేతి కింద నడిచే డయోసిస్ అనే పెద్ద గొడుగు ఉంటుంది. పట్నం చర్చిలో వచ్చిన కానుక కొంత డయోసిస్‌కు వెళుతుంది, అక్కణ్నుంచి పల్లె పాస్టరుకు జీతం వెళుతుంది. ఆయన్ను బదిలీ చేయవచ్చు, పదవీ విరమణ చేయించవచ్చు. మాకు ఆ గొడుగు లేదు. ఒక పల్లెలో నలభై కుటుంబాల బాప్టిస్ట్ సంఘం ఉంటే, సిద్ధాంతం ప్రకారం ఆ పాస్టరు అన్నం ఆ నలభై కుటుంబాల బాధ్యతే. స్వేచ్ఛా వాళ్లదే, పేదరికమూ వాళ్లదే. ఆ నలభై కుటుంబాలూ కూలి చేసుకు బతికేవైతే ఆ సిద్ధాంతం ఎలా నిలబడుతుంది? అక్కడే, బయటి నుంచి మనుషులనూ డబ్బునూ పంపే మిషన్ అడుగుపెడుతుంది.

మన తెలుగువాళ్ల విషయంలో అది ఎలా అడుగుపెట్టిందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇవాళ మనం చేసే మంచీ, మనం చేసే పొరపాట్లూ రెండూ అక్కడే పుట్టాయి.

అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చారు. మొదట విశాఖపట్నం వైపు ఉండి, 1837లో మద్రాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య సుమారు మూడేళ్లు పనిచేశారు. తెలుగువాళ్లను చేరాలంటే తెలుగు గడ్డ మీదే ఉండాలని 1840లో నెల్లూరు వెళ్లారు. తర్వాత పాతికేళ్లలో సంఘంలో చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853లో అక్కడి ఆల్బనీ పట్నంలో జరిగిన మిషన్ సభలో పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరును చూపించి 'లోన్ స్టార్' అన్నారు. అప్పటి నుంచి అదే దాని పేరు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులూ, నెల్లూరు జూలియా మొదలైన కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఆ ప్రార్థన కొండ పేరు మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

మార్పు 1866లో వచ్చింది. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆ ఏడాది బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కొత్తగా దేవుణ్ని వెతకడం మొదలుపెట్టిన మనిషి కాదు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చుకుని, శిష్యులను సంపాదించుకున్నవాడు. తోళ్ల కోసం నడిచిన దారుల్లోనే, బంధువులున్న ఊళ్లలోనే ఆయన మాట పాకింది. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. మాదిగలను చేర్చుకుంటే, మిషన్ బడికి వచ్చే అగ్రకులాల పిల్లలు రామన్నారు. క్లౌ దంపతులు మాదిగల వైపే నిలబడ్డారు, ఆ పిల్లలు వెళ్లిపోయారు.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవిగా ఉంటాయి. కానీ ఊరి కట్టుబాట్ల ప్రకారం చచ్చిన గొడ్డును లాగడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజు వెట్టికి వెళ్లడం వాళ్ల మీద మోపిన పనులు. ఈ మూడు నియమాలతో ఆ పనులన్నిటికీ అడ్డు పడింది. బావి దగ్గరకు రానివ్వలేదు, పనిలోంచి తీసేశారు, దొంగతనం నేరాలు మోపారు. బాప్తిస్మం అంటే నీళ్లలో మునిగి లేవడమే కాదు, రేపు ఎవరి పొలంలో పని దొరుకుతుందో తెలియకపోవడం కూడా. పల్లెలో సంఘం పెట్టడం అంటే ఏమిటో చెప్పేటప్పుడు మనవాళ్లు ఈ భాగాన్ని వదిలేసి పాటలు, కూటాల గురించే మాట్లాడతారు. అది నాకు ఎప్పుడూ నచ్చదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం క్లౌకు ఉంది. ఒంగోలు ప్రాంతంలో సుమారు మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు తవ్వకం పని ఇచ్చారు. తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. వాళ్లు పగలు మట్టి కొలిచి కూలి లెక్క రాసేవాళ్లు, విశ్రాంతి వేళ వాక్యం చెప్పేవాళ్లు.

ఆ కాలువ ఇప్పుడు మా ఊళ్లోనూ ఉంది. అడయారుకూ కూవానికీ మధ్య ఎనిమిది కిలోమీటర్ల ముక్కను ఆ కరువులోనే, 1877-78లో తవ్వారు. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలు మైలాపూరు దగ్గర ఆ కాలువలో దిగేసిన స్తంభాల మీదుగానే పోతుంది. కిటికీలోంచి నల్లటి నీళ్లు చూసినప్పుడల్లా ఇదే కాలువకు ఉత్తరాన మా ముత్తాతల తరం వాళ్లు తట్టలు మోశారన్న ఆలోచన వస్తుంది.

ఈ కథలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కరువు నడిచినన్నాళ్లు, దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వందల మంది వచ్చి అడిగినా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం క్రైస్తవులయ్యారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. కరువు పనులు ముగిశాక, 'ఇక మా దగ్గర ఇవ్వడానికేమీ లేదు' అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606 అయింది. జూలై 3న నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. పోస్టర్ల మీద దొర బొమ్మే ఉంటుంది గానీ, ఆ నీళ్లలో దిగింది మన తాతలు.

సరే, తొమ్మిది వేల మందికి కాపరులను ఎవరు పోషించాలి? ఇక్కడే మొదటి చిక్కు పడింది. కొత్తగా చేరినవాళ్లంతా ఎక్కడో పల్లెల్లో ఉన్నా, కాగితం మీద అందరూ ఒకే ఒంగోలు సంఘ సభ్యులు. బాప్టిస్ట్ సిద్ధాంతం ప్రకారం ప్రతి పల్లెదీ వేరే సంఘం కావాలి. ఆచరణలో మాత్రం ఒంగోలు బంగళా చుట్టూ ఒక డయోసిస్ లాంటిది తయారైంది. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి లెక్క చెప్పేవాళ్లు, జీతం తీసుకునేవాళ్లు. పల్లె జనం పెట్టే గింజలు కొంత, మిషన్ ఇచ్చే రొక్కం కొంత, రెండూ కలిపితే వాళ్ల బతుకు. మొదటిది బాప్టిస్ట్ పద్ధతి, రెండోది అప్పటి అవసరం. మొదటిది పెరిగి రెండోది తగ్గాలన్నది ఉద్దేశం. జరిగింది చాలాచోట్ల తలకిందులు. 'జీతం దొర ఇస్తాడు' అన్న అలవాటు తరాల పాటు నిలిచిపోయింది.

ఉత్తరాన కాకినాడ వైపు కథ వేరుగా మొదలైంది. అక్కడ థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు స్వయంగా పని మొదలుపెట్టి, అప్పులు మీదపడ్డాక కెనడా బాప్టిస్టులను పిలిచారు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చి దాన్ని అందుకున్నారు. మన మనిషి మొదలుపెట్టిన పని కూడా డబ్బు దగ్గరకొచ్చేసరికి పరాయి చేతికి వెళ్లింది.

1962లో అమెరికన్ బాప్టిస్ట్ రంగంలోని సంఘాలు కలిసి తెలుగు బాప్టిస్ట్ సంఘాల సమావేశంగా ఏర్పడ్డాయి. మిషనరీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బళ్లు, ఆసుపత్రులు, బంగళాలు, పట్నం నడిబొడ్డున ఎకరాల కొద్దీ స్థలాలు మిగిలాయి. ఆ స్థలాల చుట్టూ కోర్టు కేసులు కూడా మిగిలాయి. వాటి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆస్తి పట్నంలో ఉండిపోయింది, పాస్టర్లు పల్లెల్లో ఉండిపోయారు. ఆ రెండింటికీ మధ్య దారి పడలేదు.

ఇప్పుడు 'సంఘ స్థాపన' అనే మాట. ఇంగ్లీషులో చర్చి ప్లాంటింగ్ అంటారు, మన కూటాల్లోనూ ఆ మాటే వినిపిస్తుంది. జరిగే పని మాత్రం మెల్లిగా సాగుతుంది. ఎవరింట్లోనో జబ్బు చేస్తుంది, ప్రార్థన చేయమని పిలుస్తారు. ఆ ఇంట్లో వారానికోసారి కుటీర ప్రార్థన మొదలవుతుంది. నాలుగిళ్లవాళ్లు వస్తే ఇల్లు చాలదు, పందిరి వేస్తారు. కొన్నాళ్లకు కొందరు బాప్తిస్మం అడుగుతారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్లలోంచి పెద్దలు, పరిచారకులు ఏర్పడతారు. వాళ్లు ఒక పాస్టరును పిలుచుకుంటారు, చుట్టుపక్కల సంఘాలవాళ్లు వచ్చి ఆయనకు ఆర్డినేషన్, అంటే పాస్టరుగా అభిషేకం, చేస్తారు. అప్పటికి గానీ బాప్టిస్ట్ లెక్కలో అది సంఘం కాదు. అంతవరకు దాన్ని ప్రార్థన కూటం అనాలి. ఇదంతా జరగడానికి ఎనిమిదేళ్లు పట్టవచ్చు, పదిహేనేళ్లు పట్టవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు కూడా.

డబ్బు పంపేవాళ్లకు అంత ఓపిక ఉండదు. 'ఈ ఏడాది ఎన్ని సంఘాలు పెట్టారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు' అని అడుగుతారు. అడిగినదానికి తగ్గట్టే జవాబూ వస్తుంది. పందిరి సంఘమైపోతుంది, ఒకే మనిషి బాప్తిస్మం రెండు రిపోర్టుల్లోకి ఎక్కుతుంది. అప్పటికే నాలుగు చర్చిలున్న పల్లెలో అయిదోది వెలుస్తుంది. ఆ అయిదోదానికి వచ్చేవాళ్లు మిగతా నాలుగింటి సభ్యులే. ఇందులో పల్లె పాస్టర్ల తప్పు కంటే, సంఖ్యకు డబ్బు కట్టే పద్ధతి తప్పే ఎక్కువని నా నమ్మకం. బతకడం రిపోర్టు మీద ఆధారపడితే రిపోర్టే సేవ అయిపోతుంది.

మేమూ పొరపాటు చేశాం, అది నా లెక్కల పుస్తకంలోనే ఉంది. పాతిక ఇళ్లున్న ఒక పల్లెలో ప్రార్థన కూటం బాగా సాగుతోందని విని, మా సంఘంలో ప్రత్యేక కానుక పట్టి, సిమెంటు, ఇటుకలు, రేకులు కొని పది నెలల్లో మందిరం కట్టించాం. పాస్టరును కూడా మేమే చూసి పంపాం. చదువుకున్నవాడు, మంచివాడు. కానీ ఆయన్ను ఆ ఊరు పిలవలేదు, మేం పంపాం. ఆయన బియ్యం ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఊరికి పట్టలేదు, ఎందుకంటే అవి చెన్నై నుంచి వస్తున్నాయి. రెండేళ్లకు ఆయనకు వేరేచోట అవకాశం వచ్చి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది నేను వెళ్లి చూస్తే మందిరం తలుపు తాడుతో కట్టి ఉంది, లోపల కందికట్టె పేర్చి ఉంది. ఊరివాళ్ల మీద కోపం రాలేదు. అది వాళ్ల మందిరం అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేమే.

దానికి ఎదురుగా ఇంకో పల్లె, కోత పండుగ రోజు. మందిరం అంటే ముందు తాటాకు పందిరి, వెనక రేకుల గది. బల్ల ముందు విశ్వాసులు తెచ్చిన మొదటి ఫలాలు పెట్టారు. రెండు మూటల కందులు, ఒక సంచి సజ్జలు, ఎండు మిరపకాయలు, కాళ్లు కట్టేసిన పుంజు, ఒక పెద్ద గుమ్మడికాయ, ఎవరో పిల్ల తెచ్చిన మూడు కోడిగుడ్లు. ఆరాధన అయ్యాక వేలం. సంఘ పెద్ద గుమ్మడికాయను భుజాన పెట్టుకుని తిరుగుతూ "యాభై, యాభై, ఎవరమ్మా అరవై?" అంటుంటే, అరవై కాస్తా నూట ఇరవై దాకా వెళ్లింది. పాడుకున్నామె దాన్ని తీసుకోకుండా మళ్లీ బల్ల మీదే పెట్టింది, మళ్లీ పాట మొదలైంది. ఆ కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. ఆ రోజు వచ్చిన మొత్తం అయ్యగారి కుటుంబానికి రెండు నెలలు కూడా చాలదు. అయినా అది ఊరి డబ్బు. ఏడాదంతా ఇంటింటా వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు, శనివారం స్త్రీల సమాజం వాళ్లు పోగు చేసి పాస్టరమ్మగారికి అప్పజెప్తారు. ఆమె దగ్గర కుట్టు మిషన్ ఉంది. జాకెట్లు కుట్టి పిల్లల ఫీజులు కడుతున్నారు. అయ్యగారు వారంలో మూడు రోజులు పొలం పనికి వెళతారు. 'కాపరి కూలికి వెళ్లడమేమిటి' అని పట్నంవాళ్లు నొచ్చుకుంటారు గానీ, ఆ ఊళ్లో ఆయన మాటకు ఉన్న విలువలో సగం ఆ పొలం దగ్గరే సంపాదించుకున్నది.

అలాంటి ఊళ్లో కూడా సంఘం తన పాస్టరును పూర్తిగా పోషించుకోలేకపోవడానికి కారణం భక్తి తక్కువై కాదు. మనుషులు ఊళ్లో లేరు. ఆ మెట్ట ప్రాంతంలో వాన తక్కువ, కనిగిరి చుట్టూ నీళ్లలో ఫ్లోరైడ్. పని చేయగలిగిన వయసువాళ్లు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై పోతారు. ఆదివారం మందిరంలో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు. కానుకల డబ్బాలో వాళ్లు వేయగలిగినంతే పడుతుంది. సంపాదించే చేతులు ఇక్కడ మన అపార్టుమెంట్లకు ఇటుకలు పేరుస్తున్నాయి.

ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఆరేడేళ్లు పట్టింది. పల్లె సంఘం పేదదని మేం ఇక్కణ్నుంచి డబ్బు పంపుతున్నాం. ఆ పల్లె సంఘంలో కొన్ని కుటుంబాలు మాకు నలభై కిలోమీటర్ల దూరంలో రేకుల షెడ్లలో ఉంటున్నాయి. వాళ్ల దగ్గరకు మేం అంతవరకు ఎప్పుడూ వెళ్లలేదు.

చట్టాల సంగతి తెలియకపోయినా ఈ లెక్క పూర్తిగా అర్థం కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, 1976లో వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది, దాన్ని 2020లో సవరించారు. ఆ సవరణలో మూడు మార్పులు పల్లెల మీద నేరుగా పడ్డాయి. విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. అన్నిటికంటే ముఖ్యం, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పట్నంలోని పెద్ద సొసైటీ తీసుకుని పల్లెల్లోని చిన్న ట్రస్టులకు పంచే దారి దీంతో మూసుకుపోయింది. కొందరు దీన్ని కేవలం వేధింపు అంటారు. చాలామందికి అన్యాయం జరిగింది, మంచి సేవ చేసిన సంస్థల లైసెన్సులు కూడా పోయాయి. అయినా మనలో మనం ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. ఆ డబ్బు ఆగిన నెలే మూతపడిన సంఘం అంతకుముందు కూడా సంఘంగా లేదు. దేశంలోని విశ్వాసులు దేశంలోనే పంపుకునే కానుకకు ఈ చట్టం అడ్డు రాదు. ఆ దారి పూర్తిగా తెరిచే ఉంది.

రెండోది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులోని మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. గుండ్లకమ్మలో దిగినవాళ్ల మునిమనవలు ఇవాళ సంఘ రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనకాడటానికి కారణం ఇదే. పిల్లాడి హాస్టల్ సీటు, ఉద్యోగం, ఊళ్లో రిజర్వుడు సర్పంచి పదవి అన్నీ ఆ పేరుతో ముడిపడి ఉన్నాయి. సంఘమంటే సభ్యుల ఒడంబడిక అని నమ్మే బాప్టిస్టులకు సభ్యుల జాబితాయే రాయలేని స్థితి ఎంత కష్టమో ఆలోచించండి. మందిరంలో నూరు మంది ఉంటారు, రిజిస్టరులో పద్దెనిమిది పేర్లుంటాయి. ఓటు వేసి పాస్టరును పిలవాల్సింది ఎవరు? ఇక పాస్టరుగారికి దాచుకునే వీల్లేదు. ఆయన పిల్లలు బీసీ-సీలోనే చదువుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మా కమిటీలో పెద్ద చర్చే లేపింది. మా మూడు పల్లెల్లో ఒక అయ్యగారు తీసుకున్నారు, ఒకరు దరఖాస్తు చేయనన్నారు. చేయనన్న ఆయన కారణం నన్ను ఆలోచింపజేసింది. బాప్టిస్టులు పుట్టిందే ప్రభుత్వానికీ మనస్సాక్షికీ మధ్య గీత గీసి. 1612లో ఇంగ్లండ్ గడ్డ మీద మొదటి బాప్టిస్ట్ సంఘం పెట్టిన థామస్ హెల్విస్, మనిషి విశ్వాసం మీద రాజుకు అధికారం లేదని రాసినందుకు జైలు పాలై అక్కడే చనిపోయాడు. క్రైస్తవులకే కాదు, యూదులకూ ముస్లింలకూ కూడా ఆ స్వేచ్ఛ ఉండాలన్నాడు. ఆ వారసత్వంలో ఉన్న పాస్టరు ప్రభుత్వం దగ్గర నెల వేతనం తీసుకోవచ్చా? నా మట్టుకు నేను తీసుకున్నాయన్ను తప్పుపట్టను. ఆయన భార్యకు డయాలసిస్ నడుస్తోంది. తీసుకోనన్నాయన ముందు మాత్రం తల వంచుతాను.

కుర్రవాడు ఆ ప్రశ్న అడిగిన తర్వాత మా కమిటీ మూడు నెలలు కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకుంది. ఊరు పిలవని పాస్టరుకు మేం పంపం. ఊరు ఎంతో కొంత, అది బియ్యమైనా సరే, వేయకుండా మేం మొదలుపెట్టం. మేం పంపేది మూడేళ్లపాటు మారకుండా ఉంటుంది, నాలుగో ఏడు నుంచి ఏటా కొంచెం తగ్గుతుంది. తగ్గినంత మేర ఊరి వాటా పెరగాలి. అయితే వైద్యం, పిల్లల చదువు ఆ లెక్కలోకి రావు, అవి తగ్గవు. డబ్బు పాస్టరుగారి సొంత ఖాతాకు కాకుండా సంఘ పెద్దలు ఇద్దరి పేరున ఉన్న ఖాతాకు వెళుతుంది. ఎందుకంటే ఆయనకు జీతమిచ్చేది సంఘం కావాలి, మేం కాదు. బాప్తిస్మాల సంఖ్య మేం అడగం, వాళ్లు రాస్తే కాదనం. కరువు, వరద, జబ్బు వచ్చినప్పుడు చేసే సాయం ఊళ్లో అందరికీ చేయాలి, ఆ నెలల్లో బాప్తిస్మం ఇవ్వకూడదు. ఈ చివరిది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. 'డబ్బిచ్చి మతం మారుస్తున్నారు' అని ఎవరైనా అన్నప్పుడు మేం వాదించం. క్లౌ పదిహేను నెలలు ఆగారు, మేమూ ఆగగలం.

తగ్గించే నియమం మీద ఇంకా గొడవ ఉంది. కూలి పెరగకుండా, వాన పడకుండా ఊరి వాటా ఎలా పెరుగుతుందని మా పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు చెన్నైకి దక్షిణాన ఉన్న సిరుసేరి.

ఒక ఆదివారం సాయంత్రం వేళచ్చేరి దాకా రైల్లో, అక్కణ్నుంచి బస్సులో వెళ్లాం. పెద్ద కట్టడం వెనక నీలం రేకుల షెడ్లు, మధ్యలో ఒక కుళాయి, తీగల మీద ఆరేసిన సిమెంటు చొక్కాలు. మేం వస్తున్నామని పల్లె అయ్యగారు ముందే ఫోన్ చేసి చెప్పారు. గుమ్మడికాయ వేలం వేసిన ఆ పల్లెలోని నలభై కుటుంబాల్లో పదకొండు అక్కడున్నాయి. చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒక మేస్త్రీ అడిగాడు: "మా అయ్యగారికి మీరు నెలకెంత పంపుతున్నారక్కా?" చెప్పాను. కాసేపు తల దించుకుని, "మాకు తెలీదక్కా. ఆయనకు మిషనోళ్లు జీతమిస్తన్నారనుకున్నాం" అన్నాడు. నూట యాభై ఏళ్ల నాటి మాట ఆ షెడ్డు ముందు మళ్లీ విన్నాను.

ఆ రోజు మేం ఏమీ అడగలేదు. పాటలు పాడి, ప్రార్థన చేసుకుని వచ్చేశాం. రెండు వారాల తర్వాత పల్లె సంఘ పెద్ద ఫోన్ చేసి, ఖాతాలోకి రెండు వందలు, మూడు వందలు, అయిదు వందలు చొప్పున డబ్బు పడుతోందని, ఎవరెవరివో తెలియడం లేదని చెప్పారు. ఇప్పుడు ఆ ఊరి కానుకల పుస్తకంలో 'చెన్నై నుంచి' అని ఒక గడి గీశారు, పేర్లు రాస్తున్నారు. నాలుగో ఏడు మేం తగ్గించాల్సిన మొత్తం కంటే ఆ గడిలో పడేది ఎక్కువగానే ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్ల కోసం ఇంకో గడి గీయాలనుకుంటున్నారు. అక్కడ వాళ్లను కలిసే సంఘం ఏదో వెతకడం మా పని.

ఈసారి కోత పండుగకు నేను పల్లెలోనే ఉన్నాను. గుమ్మడికాయ వేలం మొదలవగానే పరిచారకుడు ఫోన్ స్పీకర్ మీద పెట్టి బల్ల మీద ఉంచాడు. అటు సిరుసేరిలో షెడ్లవాళ్లంతా ఒక్కచోట కూర్చున్నారు. ఇటు "రెండొందలు" అంటే అటు నుంచి "రెండొందల యాభై" అని వినపడుతోంది. పందిరి కింద ముసలమ్మలు తమ కొడుకు గొంతు గుర్తుపట్టి ఫోన్ వైపు జరుగుతున్నారు. ఏడు వందల దగ్గర పాట ఆగింది, పాడుకుంది మేస్త్రీ. "కాయ ఏం చేయమంటావు?" అని సంఘ పెద్ద అరిస్తే, "అమ్మగారికియ్యండి, పులుసు పెట్టుకుంటారు" అన్నాడు.